టేబుల్ సా కొనేశాను, ఇంట్లో ఇంకా చెప్పలేదు

కావలి ఫిజిక్స్ మాస్టారు:

అందరికీ నమస్కారం. మాది కావలి, ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. మూడేళ్లుగా చెక్కపని పిచ్చి పట్టుకుంది. మొదట్లో ఒక రంపం, రెండు ఉలులు, ఒక మూలమట్టం. ఇప్పుడు బాల్కనీలో బట్టలారేసే తీగ కింద జిగ్ సా, డ్రిల్లు, చెక్క నునుపు చేసే శాండరు, ట్రిమ్మరు, చెక్కల్ని బిగించి పట్టే ఎనిమిది క్లాంపులు. క్లాంపులు ఎన్ని ఉన్నా చాలవు, ఆ సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు.

విషయం ఏంటంటే, పోయిన నెల 10 అంగుళాల టేబుల్ సా కొన్నాను, అంటే బల్ల మధ్యలోంచి గుండ్రటి రంపం బ్లేడు పైకి వచ్చే మిషను. 24,500. ఇంటికి తేలేదు. ఫ్రెండు ఎరువుల గోడౌన్‌లో దింపించాను.

ఊరికే కొనలేదు, లెక్క వేశాను. హాల్లో టీవీ యూనిట్‌కి కార్పెంటర్ 46,000 చెప్పాడు. ప్లైవుడ్, లామినేట్, చానెళ్లు నేనే తెచ్చుకుంటే 19,000. సా 24,500. మొత్తం 43,500. అంటే టీవీ యూనిట్ వస్తుంది, సా మిగులుతుంది, పైన 2,500 చేతిలో ఉంటాయి. రాత్రి పదకొండింటికి ఈ లెక్క ఎంత ముద్దుగా ఉందో చెప్పలేను. పొద్దున లేచేలోపే ఆర్డర్ పెట్టేశాను.

తర్వాత పెట్టె విప్పితే దాంతో వచ్చిన బ్లేడుకు 24 పళ్లు. రీపర్లు నిలువునా చీల్చడానికి బాగుంటుంది గానీ ప్లైవుడ్ కోస్తే అంచున పొర లేచిపోతుంది. 60 పళ్ల బ్లేడు ఇంకో 2,300. మిగులు 200కి వచ్చింది. దానికి తోడు మోటారు 2,000 వాట్లు. 230 వోల్టుల మీద దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది. మా బాల్కనీలో ఉన్నది 6 ఆంపియర్ల సాకెట్టు. ఏటా పిల్లల చేత చేయించే లెక్కే ఇది, కొనేటప్పుడు మాత్రం తట్టలేదు. 16 ఆంపియర్ల పాయింటు పెట్టి లావు వైరు లాగడానికి ఎలక్ట్రీషియన్ 1,800 అడిగాడు. ఆ రోజు నుంచి లెక్క వేయడం మానేశాను.

ఇక మా ఆవిడ. గొడవ పడే మనిషి కాదు, నా టెన్షనంతా అందుకే. వంటింటి క్యాలెండర్ గడుల్లో పాల ప్యాకెట్లు, పెరుగు, ఇస్త్రీ బట్టలు, పనమ్మాయి నాగాలు అన్నీ రాస్తుంది. శాండర్ కొన్నప్పుడు "ఎంత?" అంది. "రెండు వేల చిల్లర" అన్నాను. ఆ చిల్లర 950 అని చెప్పలేదు. కాసేపు నా మొహం చూసి, "కత్తిపీట చెక్క ఎప్పుడు మారుస్తారు?" అంది. రెండేళ్లుగా అడుగుతోంది. కత్తి దిగిన చోట పీట చీలింది, చేప కోస్తుంటే అటూ ఇటూ ఊగుతుంది.

అడిగేది రెండే. కొనేముందు మీకు మీరు ఏం చెప్పుకుంటారు? ఇంట్లో ఏం చెప్తారు?

ఒంగోలు లేతు బాబాయ్:

మాస్టారూ, టేబుల్ సాకి సాకు దొరకడం కష్టమే. ఆ టీవీ యూనిట్ లెక్క నేనూ వేసినవాణ్ణే. కార్పెంటర్ కూలీ మిగులుతుందనే లెక్కలో మన ఆదివారాలు సున్నా వేసుకుంటాం, పాడుచేసిన చెక్క కూడా సున్నాయే. నిజంగా కూలీ మిగిల్చింది నా దగ్గర ఒక్క డ్రిల్లే. కర్టెన్ రాడ్లకు, అద్దాలకు, షెల్ఫులకు తొమ్మిదేళ్లుగా మనిషిని పిలవలేదు. మిగతావన్నీ సరదా. ఆ మాట అనడానికి మనకెందుకో సిగ్గు.

లేతు, అంటే చెక్కను గిరగిరా తిప్పి చెక్కే మిషను, కొన్నప్పుడు మా ఇంట్లో "నీకు మంచి అప్పడాల కర్ర చేసిస్తా" అన్నాను. చేశాను, బాగా కుదిరింది. రెండోది మరదలికి. మూడోది వియ్యపురాలికి. పదకొండోది చేతికిచ్చినప్పుడు మా ఆవిడ "ఇంక మన చుట్టాల్లో కర్ర లేని ఇల్లు లేదు, ఆపండి" అంది. అప్పట్నుంచి నా కారణాలేవీ ఇంట్లో చెల్లడం లేదు. కాబట్టి ఒక్క వస్తువుతో అయిపోయే సాకు చెప్పొద్దు.

ఇప్పుడు పాతది అమ్మితేనే కొత్తది. రెండేళ్లు ముట్టనిది అమ్మేస్తా. సగం ధరకు పోతుంది, ఆ బాధలో కొత్తది కొనాలనే ఊపు కూడా సగం పోతుంది.

నెల్లూరు మగ్గం:

నేను అవతలి వైపు. మాది వేదాయపాళెం. నాకు జాకెట్ల మీద మగ్గం వర్కు పిచ్చి. జర్దోసీ, పూసలు, ఆరీ సూదులు ఎన్ని కొన్నా మా ఆయన ఎంతైందని ఒక్కసారీ అడగలేదు. మగ్గం స్టాండు తెచ్చిన రోజు మాత్రం "ఇది యాడ పెడతావు?" అన్నారు. మంచం పక్కన పెట్టాను. ఆయన కాళ్ల వైపు నుంచి పాకి పడుకోవాల్సి వచ్చింది, పది రోజులు.

మీరు బాల్కనీలో కోస్తున్నారు కదా, ఆ పొట్టు ఆరేసిన బట్టల మీద పడదా? తువ్వాలుతో మొహం తుడుచుకుంటే గుచ్చుకునేది ఎవరికి? ఆమె దాని గురించి కూడా ఏమీ అనడం లేదంటే మీ బాకీ చాలా పెద్దది సార్.

ఇంకోటి. ఇస్త్రీ బట్టలు లెక్క రాసే మనిషికి "చిల్లర" అంటే ఎంతో తెలియదనుకుంటున్నారా?

సింగరాయకొండ:

అన్నా, అవన్నీ తర్వాత. ఎరువుల గోడౌనా? పొటాష్ అంటే పొటాషియం క్లోరైడ్, మన ఉప్పుకి తమ్ముడు. యూరియా గాల్లో తేమంతా లాక్కుంటుంది. మీకు నేను చెప్పాలా! బల్ల అల్యూమినియం అయినా బ్లేడు, ఇరుసు, ఎత్తు తిప్పే రాడ్డు ఇనుమే కదా. అక్టోబరులో ఈశాన్య వానలు పట్టుకుంటే డిసెంబరు దాకా ఏదీ ఆరదు. మా సముద్రపు గాలికే నా చిత్రిక బ్లేడు వారంలో తుప్పు పట్టి ఎర్రబడింది. ముందు బ్లేడు తీసి నూనె రాసి చుట్టిపెట్టు, తర్వాత ఎట్టాగోట్టా ఇంటికి చేర్చు. ఏం చెప్పాలో దార్లో ఆలోచించుకో.

ఉదయగిరి:

మా ఊరి చెక్క స్పూన్లు మీరంతా చూసే ఉంటారు, జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే ముద్ర) కూడా వచ్చింది. మా వీధిలో ఆడవాళ్లు నర్ది, బిక్కి చెక్కతో గరిటెలు చేస్తారు. చిన్న ఉలి, ఆకురాయి, గరుకు కాగితం. మా పెద్దమ్మ కొత్త ఆకురాయి కొనాలంటే నెల్లాళ్లు ఆలోచిస్తుంది, ఎన్ని స్పూన్లకు ఆ డబ్బు తిరిగొస్తుందో నోటి మీద చెప్తుంది. మనల్ని ఆ లెక్క ఎవరూ అడగరు, మనమే లేనిపోని లెక్క తయారుచేసుకుంటాం.

కత్తిపీటకి టేబుల్ సా ఎందుకండీ? తుమ్మ గానీ వేప గానీ, బాగా ఆరిన చెక్క, అంగుళంన్నర మందం. కత్తి తోక దిగే బెజ్జం ఉలితో కాస్త బిగుతుగా తీయండి. చివరికి దగ్గరగా తీస్తే మళ్లీ అక్కడే చీలుతుంది, మూడంగుళాలైనా వదలండి. ఒక్క ఆదివారం పని. అది చేసి చేతికిచ్చాక నోరు విప్పండి.

సా సంగతి కూడా చెప్తున్నా. బ్లేడును కప్పే గార్డునూ, బ్లేడు వెనకాల నిలబడే రేకునూ తీసి పక్కన పెట్టొద్దు. కోసిన సందు మూసుకుని బ్లేడును పట్టేసిందంటే చెక్క మీ మీదికే తన్నుతుంది. చేతికి గ్లౌజులు వద్దు.

కావలి ఫిజిక్స్ మాస్టారు:

శనివారం గోడౌన్‌కి వెళ్లి చూస్తే ఎత్తు తిప్పే రాడ్డు మీద అప్పుడే ఎర్ర చుక్కలు. ఆటోలో వేసుకుని తెచ్చేశాను. కత్తిపీట ముందు చేద్దామనుకున్నాను గానీ వరుస తప్పింది. లిఫ్టు దగ్గర మా ఆవిడే ఎదురైంది, చేతిలో కూరగాయల సంచి. పెట్టె వంక చూసి, "అటు పక్క నేను పట్టుకోనా?" అంది. 25 కిలోలు. పట్టుకోమన్నాను, ఇంకేమంటాను.

లోపలికొచ్చాక మొత్తం చెప్పాను, సా 24,500, బ్లేడు 2,300. ఏమీ అనకుండా వంటింట్లోకి పోయి క్యాలెండర్లో పోయిన నెల కాగితం తిప్పింది. 14వ తారీఖు గడిలో పాలు 2, పెరుగు 1, దాని కింద చిన్నక్షరాలతో "రంపం పెట్టె, గోడౌను", పక్కన ఖాళీ. గోడౌను ఫ్రెండు భార్యా, ఈమే ఒకే చీటీలో ఉన్నారట. పెన్ను తీసి ఆ ఖాళీలో 26,800 వేసింది. శాండర్ కొన్న నెల కూడా తిప్పి చూశాను. 2,950 అని ఉంది.

వైరింగ్ 1,800 సంగతి కూడా చెప్పేశాను. కాసేపాగి, "ఆ పెద్ద పాయింటు వంటింటి గోడకు కూడా ఒకటి పెట్టించండి, ఓవెన్ కొనుక్కుంటా" అంది. సరేనన్నాను. ఎంతని అడగలేదు.

ఉదయగిరి వారికి ఒక ప్రశ్న. తుమ్మ చెక్క దొరికింది గానీ పచ్చిగా ఉంది. ఎన్నాళ్లు ఆరబెట్టాలి?

ఉదయగిరి:

అంగుళం మందానికి ఏడాది అంటారు. మీరు అంత ఆగొద్దు. పాత ఇళ్లు పడగొట్టే చోట ఆరిన వేప చెక్క దొరుకుతుంది, రేపే వెళ్లి చూడండి. కోసేముందు మేకులు మొత్తం పీకండి, కొత్త బ్లేడు పళ్లు పోతాయి.