‘ప్లాన్డ్ ఆబ్సొలెసెన్స్’ని తెలుగులో ఏమనాలి?

ప్రశ్న: 1950ల అమెరికా వినియోగ సంస్కృతి మీద వ్యాసం అనువదిస్తున్నాను. ‘ప్లాన్డ్ ఆబ్సొలెసెన్స్’ (కొన్న వస్తువు త్వరగా పాతదయ్యేలా తయారీదారే చూడటం) అడుగడుగునా తగులుతోంది. ‘ప్రణాళికాబద్ధ కాలదోషం’ అంటే సరిపోతుందా?

జవాబు: కాలదోషం వద్దండీ, అది ప్రామిసరీ నోటు మాట. మూడేళ్లు దాటిన నోటు కోర్టులో చెల్లదు. ‘కాలం చెల్లడం’ అంటే మందుసీసా గుర్తొస్తుంది. ఇక్కడ వస్తువు నిక్షేపంలా ఉంటుంది, కొన్నవాడికే పాతదనిపించాలి. ఈ మాటకు ప్రచారం తెచ్చిన మిల్వాకీ డిజైనర్ బ్రూక్స్ స్టీవెన్స్ 1954లో చెప్పిందీ అదే: అవసరానికి కాస్త ముందే, కాస్త కొత్తది, కాస్త మెరుగైనది కావాలన్న కోరిక కొనేవాడిలో పుట్టించడం.

జవాబు: షెవ్రొలే కార్లు చూడండి. 1955, 56, 57 మోడళ్లకు బాడీ మూలంలో ఒకటే. 56లో ముందు గ్రిల్ వెడల్పంతా పరిచారు. 57లో వెనక రెక్కలు పెంచి, చక్రాలు 15 అంగుళాల నుంచి 14కి దించి కారు కిందికి వాలినట్టు కనిపించేలా చేశారు. నిరుడు కొన్నవాడి కారు వీధిలో నిలబడితే చాలు, పాతదని ఇట్టే తెలిసిపోవాలి! దీనికి మనకు ‘మొహం మొత్తించడం’ ఉండనే ఉంది.

ప్రశ్న: మరి వెయ్యి గంటలకే మాడిపోయే బల్బు?

జవాబు: అది వేరే సంగతి, కాలమూ వేరు. బల్బు ఎక్కువకాలం వెలగకూడదని కంపెనీలు కూడబలుక్కున్నది 1924లో. 1960లో అమెరికన్ రచయిత వాన్స్ ప్యాకర్డ్ ‘ది వేస్ట్ మేకర్స్’ పుస్తకంలో మూడు రకాలు విడదీశాడు: మెరుగైనది వచ్చి పాతది వెనకబడటం, నాణ్యత తగ్గి ముందే పాడైపోవడం, మోజు తీరిపోవడం. మొదటిదాని మీద ఆయనకు పేచీ లేదు. బల్బు రెండోది, కారు రెక్కలు మూడోది. మూడింటికీ ఒకే తెలుగు మాట పెడితే ఆయన విమర్శ ఎవరి మీదో తెలియకుండా పోతుంది.

ప్రశ్న: సరే, కార్ల పేరాలో ‘మొహం మొత్తించడం’ వాడతాను. మరి శీర్షికకు?

జవాబు: ‘కావాలని పాతబరచడం’ పెట్టండి. ‘పాతబడటం’ అని మాత్రం రాయకండి, అది దానంతటది జరిగేది. కనబడు–కనబరచు, లోబడు–లోబరచు లాగే పాతబడు–పాతబరచు. ‘బరచు’ అనగానే చేసేవాడొకడు ఉన్నాడని తెలుస్తుంది, ‘ప్రణాళికాబద్ధ’ బరువూ తప్పుతుంది.