ఇంటిలోన పోరు: ఇంతింతా, ఇంతంతా?

రాత్రి షో:
ఈ శనివారం మా బ్యాచ్‌కి 1986 నాటి ‘క్రిటర్స్’ వేస్తున్నా. తెలుగు సబ్‌టైటిల్స్ సరదాకి నేనే రాస్తున్నా. కాన్సాస్‌లో పొలం మధ్య ఒక రైతు ఇల్లు. లోపల అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలు. బయట బంతుల్లా దొర్లుకుంటూ వచ్చే బొచ్చు రాక్షసులు, వేరే లోకం నుంచి తప్పించుకొచ్చిన ఖైదీలు. సినిమా పేరు పడగానే కింద వేమన లైను వేద్దామనుకున్నా: “ఇంటిలోన పోరు ఇంతంత గాదయా”. ఫ్రెండ్ చూసి “ఇంతంత కాదురా, ఇంతింత” అన్నాడు. అప్పట్నుంచి బుర్రలో అదే తిరుగుతోంది. నా చెవికి ఇంతంతే బాగుంది. ఏది పాఠం?

ఆటవెలది:
ఇంతింత. అచ్చు పుస్తకాల్లో నేను చూసింది అదే. అయితే ఛందస్సు ఈ తగువు తీర్చదు, ముందే చెప్తున్నా. ఇంటి, లోన, పోరు మూడూ సూర్యగణాలు. ఆ తర్వాత ఇంతింత అన్నా ఇంతంత అన్నా తగణమే. గాదయా రగణం. యతి చూసేది మొదటి ‘ఇం’నే. దాని పక్కన ‘తిం’ ఉందా ‘తం’ ఉందా అన్నది దానికి అక్కర్లేదు.

గోదారి గట్టు:
యతి దగ్గరే ఆగిపోయారేం? పోరు తర్వాత ఇంతింత విడిగా ఎలా నిలుస్తుంది? ఉకార సంధి నిత్యం కదా. “పోరింతింత” కావాలి, అప్పుడు మీ గణాలన్నీ చెదిరిపోతాయి.

ఆటవెలది:
వేమనకి చిన్నయసూరి చేత పాఠం చెప్పిస్తారా? బాలవ్యాకరణం పుట్టేసరికే ఈ పద్యాలు జనం నోళ్ళలో నలిగి నున్నబడ్డాయి.

మానేరు:
సంధి సంగతి పక్కన పెట్టండి, అర్థం చూడండి. “ఇంతా అంతా కాదు” అని రోజూ అంటాం కాబట్టి నాలుక ఇంతంత వైపు జారుతుంది. ఇంతింత పని వేరు. “పిల్లలకి తలా ఇంతింత పెట్టు” అంటే ఒక్కొక్కరికి ఇంత చొప్పున అని. ఇప్పుడు పద్యం మొదట్నుంచి చదవండి: చెప్పులోన రాయి, చెవిలోన జోరీగ, కంటిలోన నలుసు, కాలి ముల్లు. ఒక్కోటీ రెండు వేళ్ళ మధ్య చూపించగలిగినంతే. ఇంట్లో పోరు మాత్రం అలా వేళ్ళతో చూపించేది కాదు. అందుకే ఇంతింత కాదయా. ఆ మాట వెనక్కి తిరిగి రాయినీ నలుసునీ చూపిస్తోంది. ఇంతంత అంటే ఆ చూపు పోతుంది. మా దిక్కు “ఇంతగనం” అంటం, అది కూడా చెయ్యి లేపకుండా అనలేం.

రాత్రి షో:
మానేరు గారూ, ఇది సినిమాకి భలే అతుకుతుంది. ఆ జీవులు కూడా మోకాలి ఎత్తు కూడా లేవు. అయితే పోరు అంటే వేమన దగ్గర సణుగుడూ తగాదానా, నిజం యుద్ధమా? నా సినిమాలో రెండోదే.

పుస్తకాల పురుగు:
పోరు సంగతి తర్వాత. సినిమా నేనూ చూశా, అందులో అవి చిన్నగానే ఉండిపోవు కదండీ. తినేకొద్దీ పెరుగుతాయి. చివరికి ఒకటి మనిషంత అయి ఆ ఇంటి అమ్మాయిని ఎత్తుకుపోతుంది. అలాంటప్పుడు మీకు కావాల్సింది పోతన. “ఇంతింతై, వటుడింతయై, మరియు దానింతై, నభోవీధిపై నంతై”. ఇక్కడ ఇంతింత అంటే చొప్పున కాదు, అంతకంతకీ అని. మానేరు గారి సిద్ధాంతం ఈ పద్యం ముందు నిలబడదు.

మానేరు:
ఎందుకు నిలబడదు? ‘కొంచెం కొంచెంగా పెరిగాడు’ అన్నా అది చొప్పునే. ఒక్కో గడియకి ఇంత.

గళ్ళనుడి:
ఇద్దరూ అసలు సంగతి దాటేశారు. ఆ పద్యంలో ఇంత ఎక్కడ ఆగి అంత ఎక్కడ మొదలయిందో చూడండి. వటుడు బలి ఎదురుగా ఉన్నంతసేపూ ఇంతే. ఆకాశవీధి దాటగానే అంతై. మబ్బుల దగ్గర “అల్లంతై”, ఆపైన చంద్రునికంత, ధ్రువుని పైనంత. పోతన కొలిచింది వామనుణ్ణి కాదు, చూస్తున్న మన మెడని. తల ఎత్తాల్సి రాగానే అంత వచ్చేసింది. అంత అనేది ఎప్పుడూ దూరపు మాట. నాలుగు గోడల మధ్య జరిగే పోరుకి అంత ఎక్కడిది? కాబట్టి ఇంతింతే.

ఆటవెలది:
గళ్ళనుడి గారూ, “మండలాగ్రమున కల్లంతై” దగ్గర ఊపిరి ఆగుతుంది నాకు. ఆ ‘అల్లంత’లో ఎంత దూరం ఉంది! శార్దూలంలో అంత తేలిగ్గా నడిచినవాళ్ళు ఎంతమంది ఉన్నారు చెప్పండి.

గోదారి గట్టు:
పోతన సరే, ప్రశ్న వేమనది. తాటాకుల్లో పాఠభేదాలకి లెక్కే లేదు. బ్రౌన్ దొర 1829లో పద్యాలు ఏరి అచ్చు వేయించినప్పుడు కూడా ఏది వేమనదో ఏది కాదో తేల్చడమే పెద్ద పని అయింది. ఒక అక్షరం మీద ఇంత పట్టుదల ఎందుకు? ఇంకో మాట, ఆ సినిమాలో రైతు కుటుంబం ఇంటిపేరు కూడా బ్రౌనే. అమ్మగా వేసిన డీ వాలెస్ అంతకుముందు 1982లో ‘ఈటీ’లోనూ అమ్మే. అందుకే కాబోలు, ఇందులో ఒక క్రైటు (ఆ బొచ్చు రాక్షసుల పేరు అదే) ఈటీ బొమ్మ తల కొరికేస్తుంది.

పుస్తకాల పురుగు:
ఆ క్రైట్లు వీపు మీంచి ముళ్ళు విసురుతాయి, మత్తెక్కించే ముళ్ళు. దానికి వేమనా కాదు పోతనా కాదు, సుమతీ శతకం: “తలనుండు విషము ఫణికిని, వెలయంగా దోక నుండు వృశ్చికమునకున్”. పాముకి తలలో, తేలుకి తోకలో. వీటికి నాలుగో పాదం, “నిలువెల్ల విషము”. పోస్టరు మీద ఇదెయ్యండి, తగువే ఉండదు.

ఆటవెలది:
తగువు లేకేం! అది ఖలుడి గురించి, అంటే దుర్మార్గుడి గురించి. ఇవి ఖలులు కావు, ఆకలి మీదున్నాయి అంతే.

మానేరు:
రెండో భాగంలో (1988) అవన్నీ ఒక్క పెద్ద బంతిగా ముద్దకట్టి ఒకడి మీంచి దొర్లుతాయి, వెనక ఎముకలగూడు మిగులుతుంది. ఒక్కొక్కటీ ఇంత, కలిస్తే ఇంతలేసి. నా చొప్పు సిద్ధాంతానికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

గళ్ళనుడి:
“ఇంతలేసి” అనొద్దు, దాని మీద వేరే గొడవ ఉంది. ఇంతలేసి కళ్ళు అంటే పెద్దవే, ఇంత కళ్ళు అంటే చెయ్యి చూడకుండా తేల్చలేం.

రాత్రి షో:
అందరికీ థాంక్స్, కానీ నాకు లైను ఇంకా దొరకలేదు. పైగా కొత్త టెన్షన్. క్రైట్లు వాళ్ళ భాషలో మాట్లాడుకుంటుంటే కింద ఇంగ్లీషు వస్తుంది. ఒకటి “వాళ్ళ దగ్గర ఆయుధాలున్నాయి” అంటుంది. పక్కది “అయితే ఏంటంట?” అనగానే తుపాకీ పేలి అది ముక్కలైపోతుంది. మిగిలింది ఒక్క బూతు మాట అంటుంది. ఆ బూతుకి ఏం రాయాలి? ఇంటిల్లిపాదీ చూస్తారు.

గోదారి గట్టు:
“ఓరి నాయనో” చాలు.

పుస్తకాల పురుగు:
చాలదు. నవ్వంతా ఆ ఒక్క మాటలోనే ఉంది. “చచ్చాం రా” వెయ్యండి.

రాత్రి షో:
సరే. సినిమా పేరు కూడా తెలుగులో పెడదామనుకుంటున్నా, “పురుగూ పుట్రా” అని. ఎలా ఉంది?

మానేరు:
పేరు అదిరింది. పుట్ర అంటే పుట్టలోంచి వచ్చేదా?

ఆటవెలది:
కాదు, దానికి విడిగా అర్థం లేదు. పురుగు పక్కన ఊతం అంతే.

గళ్ళనుడి:
చెట్టూ చేమలో చేమకి అర్థం ఉంది. వంటా వార్పులో వార్పుకి ఉంది. పుట్రకి మాత్రం లేదంటారా? మరి నగా నట్రాలో నట్ర ఏంటి? రెండు చోట్లా అదే ‘ట్ర’ ఊరికే వచ్చి కూర్చుందా?

ఆటవెలది:
‘ట్ర’ మీద నాకో వాదన ఉంది. రాత్రికి రాస్తా. అంతవరకూ ఎవరూ నిఘంటువు తెరవొద్దు.