నెగ్రా మొడెలో బీరు ఇంట్లో చేసి చూసినవాళ్లు ఉన్నారా? నాది మాడిన గటక (మక్క సంకటి) అయింది

నకిరేకల్ అల్లుడు
అందరికీ నమస్తే. మాది నల్గొండ, అత్తగారిది నకిరేకల్. కొన్నేళ్లుగా డాలస్ దగ్గర ఉంటున్నాం. ఇక్కడ సొంతానికి ఇంట్లో బీరు చేసుకోవచ్చు, ఇద్దరు పెద్దవాళ్లున్న ఇంటికి ఏడాదికి 200 గ్యాలన్ల దాకా చట్టం ఒప్పుకుంటుంది. పేల్ ఏల్, స్టౌట్ (మాడ్చి వేయించిన గింజలతో చేసే నల్ల బీరు) ఇదివరకే చేశాను, పర్వాలేదనిపించాయి. పోయిన ఎండాకాలం మా మామ వచ్చారు. ఇక్కడి బీర్లలో ఆయనకు నచ్చింది ఒక్కటే, పొట్టి సీసా, మెడకు బంగారు కాగితం ఉంటుందే, నెగ్రా మొడెలో. అదేదో మనమే చేద్దామని దిగాను.

20 లీటర్లకు 4 కిలోల మామూలు టూ రో మాల్ట్ (మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ), 350 గ్రాముల చాక్లెట్ మాల్ట్ (నల్లగా వేయించినది), హాప్స్ (చేదుకు వేసే పూలు) కొంచెం. ఈస్ట్ డబ్ల్యూ 34/70 ఒక పాకెట్. హాల్లోనే ఒక మూలకు పెట్టాను, 21 డిగ్రీలు. పన్నెండో రోజు సీసాల్లోకి ఎక్కించాను. రంగు చూస్తే అచ్చం అదే. మామ ఒక గుటక వేసి, గ్లాసు పక్కకు జరిపి, "మాడిన గటక గిన్నె కడిగిన నీళ్ల లెక్క ఉంది అల్లుడా, పైన వెన్న వాసన ఒకటి" అన్నారు. ఆయన డిసెంబర్‌లో మళ్లీ వస్తున్నారు. నా పరువు మీ చేతుల్లో ఉంది.

పాలమూరు బ్రూ
350 గ్రాముల చాక్లెట్ మాల్టా! పోపు మాడ్చి పప్పు బాగాలేదంటే ఎట్లన్నా? నేను హైదరాబాద్‌లో ఒక మైక్రోబ్రూవరీలో చేస్తాను, ఊరు జడ్చర్ల. మా దగ్గరకు వచ్చేవాళ్లు కూడా ఇదే అనుకుంటారు, నల్లగా ఉంటే స్టౌట్ అని. నెగ్రా మొడెలో నిజానికి నల్లగా కూడా ఉండదు. గ్లాసు వెలుతురుకు ఎత్తి చూడండి, ముదురు రాగి రంగు, అంచు దగ్గర ఎరుపు. కాఫీ రుచి అసలు ఉండకూడదు. రొట్టె పైపొర, కొంచెం కారమెల్, ఆ తర్వాత నోరు ఖాళీ. అంతే.

దాని పుట్టుక చూస్తే అర్థమవుతుంది. 1841లో వియన్నా దగ్గర ఆంటన్ డ్రెహర్ చేసిన ఎర్రటి లాగర్ (చలిలో నిదానంగా పులిసే బీరు) ఒక పక్క, మ్యూనిక్ డుంకెల్ అనే ముదురు లాగర్ ఒక పక్క. 19వ శతాబ్దంలో యూరప్ నుంచి వలసవచ్చిన బ్రూవర్లు ఆ పద్ధతులను మెక్సికోకు పట్టుకుపోయారు. మొడెలో కంపెనీ మెక్సికో సిటీలో 1925లో మొదలైంది. అంటే ఇది ఆస్ట్రియా, జర్మనీ తరహా బీరుకు మెక్సికో మక్కలు కలిసిన వరస. మీ రెసిపీలో మ్యూనిక్ మాల్ట్ లేదు, మక్క లేదు, చలి లేదు. ఇక మిగిలింది మాడు ఒక్కటే.

ఇట్లా చేసి చూడండి: పిల్స్నర్ మాల్ట్ 3 కిలోలు, మ్యూనిక్ 1 కిలో, మక్క అటుకులు అర కిలో, మీడియం క్రిస్టల్ మాల్ట్ (కారమెల్ తీపికి) 200 గ్రాములు. రంగుకు పొట్టు తీసి వేయించిన కరాఫా స్పెషల్ మాల్ట్ 100 గ్రాములు, అదీ మాష్ (మాల్ట్‌ను వేడినీళ్లలో నానబెట్టడం) చివరి పదిహేను నిమిషాల్లో. మాడు చేదు ఎక్కువగా పొట్టు నుంచే వస్తుంది కాబట్టి పొట్టు లేనిదే కొనండి. మాష్ 66 డిగ్రీల దగ్గర గంట సేపు. హాలర్‌టౌ హాప్స్ 40 గ్రాములు, గంట మరగాలి. పులియకముందు సాంద్రత (నీళ్లది 1.000) 1.052 దగ్గర వచ్చి, పులిశాక 1.012 దాకా దిగితే ఆల్కహాల్ 5.3 శాతం దగ్గర ఉంటుంది. అసలు సీసా మీద 5.4 అని ఉంటుంది.

నకిరేకల్ అల్లుడు
దండం అన్నా. మక్క అటుకులు ఇక్కడి బ్రూ షాపులో అయిపోయాయి. పక్కన మెక్సికన్ దుకాణంలో మక్క రవ్వ ఉంది, అది నేరుగా మాష్‌లో వేసేయొచ్చా?

పాలమూరు బ్రూ
వద్దు. అటుకులంటే ముందే ఆవిరికి ఉడికినవి. పచ్చి రవ్వలో పిండి ఉడికితే గానీ మాల్ట్ ఎంజైములకు అందదు.

వనపర్తి ఆడబిడ్డ
నేను మెల్‌బోర్న్‌లో ఉంటాను, మా ఆయన కంటే నేనే ఎక్కువ బీరు చేస్తాను. రవ్వ గురించి నన్ను అడగండి తమ్ముడూ. మక్క గటక వండటం వస్తే ఈ పని సగం వచ్చినట్టే.

రవ్వకు నాలుగింతల నీళ్లు. ఎసరు కాగాక రవ్వ సన్నగా పోస్తూ తెడ్డుతో కలపాలి, లేదంటే ఉండలు కడుతుంది. ఇంతవరకు మా అమ్మ చేసే గటకే. కాసేపటికి గిన్నెలో బుడగలు టప్ టప్‌మని పేలి చేతుల మీద పడుతుంటాయి, పొడుగు తెడ్డు వాడండి. తెడ్డు నిలబడేంత చిక్కబడ్డాక మంట ఆపి, 70 డిగ్రీలకు దిగనిచ్చి, గుప్పెడు పిల్స్నర్ మాల్ట్ పొడి వేసి కలపండి. పది నిమిషాలు చూస్తూ ఉండండి. మొదట ఏమీ కాదు. తర్వాత తెడ్డు తేలికవుతుంది. ఇంకాసేపటికి గటక అంబలి అవుతుంది, గరిటెతో ఎత్తితే జారిపోతుంది. ఒక చుక్క నాకి చూడండి, తియ్యగా ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు అమ్మకు వీడియో కాల్ చేసి చూపించాను. "అంత మంచి గటకను నీళ్లు చేసినవ్" అని తిట్టింది.

ఆ తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు ఉడికించి అసలు మాష్‌లో కలపడమే. ఆ వేడికి మాష్ కూడా వేడెక్కుతుంది కాబట్టి ముందు మాష్‌ను 55 దగ్గర ఉంచుకోండి. అడుగంటనివ్వకండి, మీ మామగారు మళ్లీ పట్టేస్తారు.

ఫిల్టర్ నీళ్లు
మాది మునుగోడు దిక్కు, ఊర్లో వాటర్ ప్లాంట్ నడుపుతాను. బీరు చేయను, తాగుతాను. నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు, అందుకే రాస్తున్నా.

మా నల్గొండ నీళ్లంటే ఫ్లోరైడ్ అని లోకమంతా తెలుసు. పటికా సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి నాగ్‌పూర్ నీరి సంస్థ పెట్టిన పేరే నల్గొండ టెక్నిక్. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని ఇప్పటికీ అనుకునేవాళ్లున్నారు. పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. గంటసేపు మరిగించే పని కాబట్టి చెప్తున్నా. అల్లుడుగారూ, మీ దగ్గర ఫ్లోరైడ్ బాధ ఉండదేమో గానీ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది కదా?

పాలమూరు బ్రూ
మంచి మాట. క్లోరిన్ ఉన్న నీళ్లతో చేస్తే బీరుకు ఆసుపత్రి వాసన వస్తుంది. 20 లీటర్ల నీళ్లకు ఒక క్యాంప్‌డెన్ మాత్రలో (క్లోరిన్ తీసేది) పావు ముక్క పొడిచేసి కలిపితే చాలు. ఆర్వో నీళ్లయితే ఇంకా మంచిది, ఒక టీస్పూన్ లోపు కాల్షియం క్లోరైడ్ వేయండి, మాల్ట్ రుచి గుండ్రంగా వస్తుంది.

మూసీ ఒడ్డు
ఇదంతా చదువుతుంటే నోరూరుతోంది. మాది మిర్యాలగూడ. ఇక్కడ ఇంట్లో చేసుకుంటే ఏమైనా ఇబ్బందా? నాకు అనుభవం కొంచెం ఉంది, అల్లం, బెల్లం, నిమ్మరసంతో అల్లం బీరు చేశాను. మే నెల, బయట 44 డిగ్రీలు. సోడా సీసాల్లో పోసి బిరడాలు బిగించి స్టోర్ రూమ్‌లో పెట్టాను. మూడో రోజు మధ్యాహ్నం నిద్రలో ఉంటే ఫట్‌మని శబ్దం. ట్రాన్స్‌ఫార్మర్ అనుకున్నా. వెళ్లి చూస్తే నాలుగు సీసాలు ముక్కలు, గోడ నిండా బెల్లం పాకం, గాజుపెంకులు బియ్యం బస్తాలో. ఆ బస్తా మొత్తం పారబోయించింది మా ఆవిడ. ఆ మాట ఇప్పటికీ ప్రతి పండక్కీ వస్తుంది.

పాలమూరు బ్రూ
ఇబ్బందే అన్నా. తెలంగాణ ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా బీరు చేయడం నేరం, ఇంట్లో తాగడానికైనా సరే. మాకు బార్ లోపల చేయడానికే బోలెడు పర్మిషన్లు. నల్ల లాగర్ తాగాలనిపిస్తే హైదరాబాద్ రండి. ఇంట్లో మాత్రం మాల్ట్ ఉడికించి పంచదార లేకుండా తాగండి, పిల్లలకూ బాగుంటుంది.

ఈదులోల్లం
కల్వకుర్తి దగ్గర మాది. తాతల నుంచి ఈదులు గీసే ఇల్లు. చెట్టు గీయడానికే మాకు లైసెన్స్ కావాలి, మీ బీరుకు ఉండదా ఏంది.

ఒక సంగతి అడుగుతా. మా కల్లు పొద్దున దింపితే తియ్యన, ఎండ ఎక్కేసరికి పొంగు, సాయంత్రానికి పులుపు. ఈస్ట్ మేం వేయం, గాలిలోది, కల్లు పట్టే లొట్టిలోది. చలికాలంలో మాత్రం పొంగు నిదానం, అందుకే అప్పటి కల్లు తీరే వేరు. మీ లాగర్ కూడా చలికి నిదానంగా పులియడమే కదా? మరి అల్లుడు హాల్లో ఎందుకు పెట్టిండు?

వనపర్తి ఆడబిడ్డ
అడగాల్సింది అడిగారు అన్నా. కాకపోతే 34/70 లాగర్ ఈస్టే అయినా వేడిని బాగానే తట్టుకుంటుంది. నేను 17 దగ్గర చాలాసార్లు చేశాను, శుభ్రంగానే వచ్చింది.

పాలమూరు బ్రూ
17 వేరు, 21 వేరు అక్కా. పైగా ఆయన వేసింది ఒక్క పాకెట్, లాగర్‌కు 20 లీటర్లకు రెండు వేయాలి. ఈస్ట్ తక్కువ, పన్నెండు రోజులకే సీసాల్లోకి. మామగారు పట్టిన వెన్న వాసన డయాసిటైల్. ఈస్టే దాన్ని పుట్టిస్తుంది, టైమ్ ఇస్తే ఈస్టే తినేస్తుంది. 11 డిగ్రీల దగ్గర మొదలుపెట్టి, ముప్పావు వంతు పులిశాక 17కు పెంచి మూడు రోజులు ఉంచాలి. తర్వాత ఒక గ్లాసు తీసి, మూతపెట్టి వేడినీళ్లలో 60 డిగ్రీల దాకా కాసేపు ఉంచి చల్లార్చి వాసన చూడండి. వెన్న తగిలితే ఇంకా ఆగాలి. తగలకపోతే 1 డిగ్రీ దగ్గర ఐదారు వారాలు.

వనపర్తి ఆడబిడ్డ
ఐదారు వారాలు నేనెప్పుడూ ఆగలేదు. మూడు చాలు. ఒప్పుకోకండి, ఫర్వాలేదు.

ఈదులోల్లం
మా నాయన లొట్టి కడగకుండా చెట్టెక్కితే మా తాత దిగనిచ్చేటోడు కాదంట. మీ సామాను కూడా బాగా కడుక్కోండి.

నకిరేకల్ అల్లుడు
రెండు నెలల తర్వాత వచ్చాను, తిట్టకండి. ఎవరో పారేయబోతున్న చెస్ట్ ఫ్రీజర్ 40 డాలర్లకు దొరికింది, దానికి ఉష్ణోగ్రత కంట్రోలర్ పెట్టాను. పాలమూరు అన్న రెసిపీనే, మక్క మాత్రం రవ్వతో. అక్కా, తెడ్డు తేలికవ్వడం నిజంగా చూశాను, మా పాప కూడా స్టూల్ వేసుకుని చూసింది. 1.051తో మొదలై 1.012 దగ్గర ఆగింది. వేడినీళ్ల పరీక్షలో మొదటిసారి వెన్న తగిలింది, ఇంకో రెండు రోజులు ఆగాను, పోయింది. చల్లదనంలో నాలుగు వారాలు, అక్కకూ అన్నకూ మధ్యలో. సీసాల్లో పొంగుకు మొత్తం మీద 125 గ్రాముల పంచదార.

నిన్న మామ దిగారు. ఒకే రకం గ్లాసుల్లో రెండూ పోసి ఏది కొన్నదో చెప్పమన్నాను. ఒకటి తాగి, ఇంకోటి తాగి, ఒక్క క్షణంలో నాది చూపించారు. రుచిలో తేడా ఉందా అంటే, నాది కొంచెం ఎక్కువ తియ్యగా ఉందన్నారు. క్రిస్టల్ 200 నుంచి 120కి తగ్గించాలేమో. కానీ పట్టుకున్నది రుచితో కాదు, మడ్డితో. నేను గ్లాసులు తేవడానికి వెళ్లినప్పుడు ఆయనే నా సీసా మూత తీసి, లొట్టి తిప్పినట్టు రెండు తిప్పులు తిప్పి, అడుగున ఉన్న ఈస్ట్ మొత్తం బీరులో కలిపేశారట.

ఈదులోల్లం
మడ్డి పోతే బలం పోతదని అనుకున్నడు పాపం. తర్వాతి సీసా నువ్వే పొయ్యి, అడుగున వేలెడు వదిలి.

నకిరేకల్ అల్లుడు
పోశాను అన్నా. ఆ వదిలిన వేలెడు కూడా అడిగి తాగారు.