సోమవారం ఓడ దిగి వైజాగ్‌లో ఒక్క పూట: అత్తయ్యగారితో ఎక్కడెక్కడికి వెళ్లొచ్చు?

వేళచ్చేరి కోడలు:
చెన్నై నుంచి క్రూయిజ్‌లో వస్తున్నాం. సోమవారం ఉదయం ఎనిమిదింటికి వైజాగ్‌లో ఆగి, సాయంత్రం ఆరింటికి బయల్దేరుతుందట. నాలుగున్నరకల్లా ఓడెక్కెయ్యాలని టికెట్లోనే రాశారు. అత్తయ్యగారికి మోకాళ్ల నొప్పులు, అయినా సింహాచలం చూడాల్సిందేనంటున్నారు. మావాడికి తొమ్మిదేళ్లు, వాడికి సబ్‌మెరైన్ తప్ప ఇంకేదీ అక్కర్లేదు. మావారేమో బొర్రా గుహలంటున్నారు. ముగ్గురినీ సర్దడం నా వంతు. ఎలాగండీ?

వన్‌టౌన్ వాసి:
ముందు చేదు కబురు చెప్పేస్తాను. సోమవారం కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి సెలవు. ఎదురుగా ఉన్న టీయూ-142 విమానం మ్యూజియమూ అంతే. బాబుకి ఇంట్లోనే చెప్పెయ్యండి, బీచ్ దాకా తెచ్చి చెబితే ఆ ఏడుపు ఆపడం మీవల్ల కాదు. బయట నుంచైతే ఎప్పుడైనా చూడొచ్చు, 91 మీటర్ల పొడవున్నది రోడ్డు మీదికే కనిపిస్తుంది. తెరిచి ఉన్నా అత్తయ్యగారికి కష్టమే లెండి. లోపల ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి దూరాలి. ఒక కాలు అవతల పెట్టి, తల వంచి, రెండో కాలు లాక్కోవాలి. పోయినసారి నేను తల కాపాడుకోబోయి మోకాలు కొట్టుకున్నాను.

బొర్రా వద్దు. ఇక్కణ్ణుంచి 90 కిలోమీటర్ల పైమాటే, సగం ఘాట్ రోడ్డు. రానూపోనూ ఆరు గంటలు కార్లోనే పోతాయి. గుహల దగ్గర మళ్లీ మెట్లు. ఓడవాళ్లు పెట్టిన టూర్‌లో వెళ్తే ఆలస్యానికి వాళ్లే పూచీ, సొంత కారులో వెళ్తే ఓడ మీకోసం ఆగదు.

అరకు అభిమాని:
మరీ భయపెడుతున్నారు. తెల్లవారుజామున బయల్దేరితే మేం మధ్యాహ్నానికి తిరిగొచ్చేశాం.

వన్‌టౌన్ వాసి:
మీరు తెల్లవారుజామున మీ ఇంట్లోంచి బయల్దేరారు సార్. వీళ్ల ఓడ తగిలేదే ఎనిమిదింటికి. పెట్టె స్కానింగులూ అవీ అయి గేటు దాటేసరికి తొమ్మిది దాటుతుంది.

అమ్మా, ఒక్కటి గుర్తుపెట్టుకోండి. దూరంది ముందు, దగ్గరిది తర్వాత. గడియారం ముల్లు నాలుగు వైపు వెళ్లేకొద్దీ మీరు రేవు వైపు రావాలి. ఒక కారు పూటంతా మాట్లాడుకుని తిన్నగా సింహాచలం పొండి. కారు కొండ మీదికే వెళ్తుంది, కింది మెట్ల దారితో పనిలేదు. పదకొండులోపు క్యూలో ఉండండి, రాజభోగం, అంటే స్వామికి మధ్యాహ్న నైవేద్యం వేళ దర్శనం కాసేపు ఆపుతారు. స్వామిని చందనం పూతలోనే చూస్తారు, నిజరూపం అక్షయ తృతీయ నాడు మాత్రమే. అత్తయ్యగారికి ముందే తెలిస్తే మంచిది, లోపలికెళ్లాక 'ఇదేంటి, ముఖం కనపడలేదు' అంటారు.

దిగి హనుమంతవాక మీదుగా వస్తుంటే కైలాసగిరి తగులుతుంది. అక్కడా కారు పైకి వెళ్తుంది. కొండ చుట్టూ తిరిగే టాయ్ ట్రైన్ ఉంది, సబ్‌మెరైన్ బెంగ కొంత తీరుతుంది. తర్వాత బీచ్ రోడ్డున భోజనం. ఆర్కే బీచ్‌లో పాదాలు తడుపుకుంటే చాలు, లోపలికి దిగనివ్వకండి. అక్కడి అలలు లోపలికి లాగేస్తాయి, ఏటా ప్రాణాలు పోతున్నాయి.

ఇంకా టైముంటే చివర్లో మా వన్‌టౌన్. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి నెత్తిన పైకప్పు ఉండదు. ఎవరి చేత్తో వాళ్లే పసుపు కుంకుమ పెట్టొచ్చు, అత్తయ్యగారు అక్కణ్ణుంచి కదలరు చూడండి. మీవారు ఈలోగా బాబుని రాస్ హిల్ ఎక్కించవచ్చు. కింద హార్బర్ కాలువలోంచి పెద్ద పెద్ద ఓడలు కొండ పక్కనే ఒరుసుకుపోతున్నట్టు వెళ్తాయి. 1933లో ఈ రేవుకి మొట్టమొదట వచ్చిన జలదుర్గ కూడా మీదిలాగే ప్రయాణికుల ఓడ. ఫొటోలు చూసుకుని తియ్యండి, నేవీ వైపు కెమెరా తిప్పితే లేనిపోని తంటా.

వేళచ్చేరి కోడలు:
చాలా థ్యాంక్సండీ. ఒకటే సందేహం. ఓడ మీది నుంచి డాల్ఫిన్ నోస్ కొండ ఎదురుగానే ఉంటుందట కదా, వెనకే యారాడ బీచ్. సింహాచలం బదులు అది దగ్గర కాదా అంటున్నారు మావారు.

వన్‌టౌన్ వాసి:
చెయ్యి చాపితే అందేటట్టే ఉంటుంది. కానీ మధ్యలో ఉన్నది నీళ్లు. కారు హార్బరంతా చుట్టుకుని, సింధియా వైపు లారీల వెనకాల పాక్కుంటూ పోవాలి. మరోసారి రైల్లో వచ్చినప్పుడు చూద్దురుగాని.

వేళచ్చేరి కోడలు:
వెళ్లొచ్చాం! దర్శనం పదకొండుంపావుకి అయింది. అత్తయ్యగారు కప్పస్తంభాన్ని కౌగిలించుకుని ఏం మొక్కుకున్నారో ఎంతడిగినా చెప్పలేదు. కైలాసగిరి రైల్లో మావాడు రెండుసార్లు తిరిగాడు. రాస్ హిల్ మాత్రం కుదరలేదు.

తర్వాత వచ్చేవాళ్ల కోసం ఒక మాట. తిరిగి వచ్చేటప్పుడు డ్రైవర్‌తో 'పోర్టుకి' అన్నాం, అంతే. అతను లారీలు వెళ్లే గేటు ముందు తెచ్చి నిలబెట్టాడు. అక్కడి సెక్యూరిటీ మా ఓడ కార్డు తిప్పి తిప్పి చూసి, ఇది కాదు వెనక్కి పొమ్మన్నారు. పాతిక నిమిషాలు, టైము నాలుగుంబావు, నా గుండె నోట్లోకి వచ్చేసింది. దిగిన వెంటనే టెర్మినల్ ముందు నిలబడి లొకేషన్ సేవ్ చేసుకోండి. క్రూయిజ్ టెర్మినల్ అని విడమరిచి చెప్పండి.

వన్‌టౌన్ వాసి:
ఆ మాట నేనే చెప్పాల్సింది, తట్టలేదు. మాడుగుల హల్వా కొన్నారా?

వేళచ్చేరి కోడలు:
కొన్నాం. సీలు తీయని డబ్బా కాబట్టి వదిలారు. మావాడి చేతిలో ఉన్న మూరీ మిక్చర్ పొట్లం మాత్రం గేటు దగ్గరే తినేసి రమ్మన్నారు. నలుగురం నిలబడి రెండు నిమిషాల్లో ఖాళీ చేశాం.