లిమిట్ 20 పెట్టినా క్వెరీ ఇంత స్లోగా ఎందుకు?

గాజువాక కుర్రాడు:
అన్నలూ, ఫిషింగ్ హార్బర్ దగ్గర ఒక ఐస్ షాపుకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాశాను, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ మీద. బిల్లుల టేబుల్‌లో 8 లక్షల వరసలు. లిస్టుకి లిమిట్ 20 (20 వరసలే ఇవ్వమని) పెట్టినా పేజీ తెరుచుకోడానికి 6 సెకన్లు పడుతోంది. తెల్లారగట్ల బోట్లు వచ్చే టైముకి ఓనర్ ఫోన్లే ఫోన్లు, ఒకటే టెన్షన్.

డేటా మావయ్య:
ఆర్డర్ బై, అంటే క్రమంలో పేర్చమనడం, ఏ కాలమ్ మీద పెట్టావు? దానికి ఇండెక్స్ (ముందే క్రమంలో పేర్చి ఉంచే సూచిక) లేకపోతే 8 లక్షలూ చదివి, పోల్చి చూశాకే పై 20 నీ చేతికిస్తుంది. గంపలో అన్నిటికన్నా పెద్ద వంజరం కావాలంటే గంపంతా తిరగెయ్యాలా వద్దా? క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ కొట్టి అది ఎలా నడుస్తుందో చూడు, 'యూజింగ్ ఫైల్‌సార్ట్' (ఇండెక్స్ వాడకుండా విడిగా పేర్చడం) అని కనిపిస్తే దొంగ దొరికినట్టే.

గాజువాక కుర్రాడు:
దొరికాడు! తేదీ మీద ఇండెక్స్ వేశా, మొదటి పేజీ టక్కున వచ్చింది. పాత బిల్లుల పేజీలకి వెళ్తే మాత్రం మళ్లీ నత్తనడకే.

సీతమ్మధార:
అది ఆఫ్‌సెట్ (ముందు ఇన్ని వరసలు దాటెయ్ అనడం) చలవ. ఆఫ్‌సెట్ 500000 అంటే ఆ 5 లక్షలూ చదివి పారేసి, అప్పుడు 20 ఇస్తుంది. పేజీ నంబర్లు మానెయ్. చివరగా చూపించిన బిల్లు తేదీ, ఐడీ దగ్గర పెట్టుకుని, వేర్ షరతులో అంతకన్నా పాతవి అడుగు, ఇండెక్స్ ఆ రెండిటి మీదా కలిపి వెయ్యి. అన్నట్టు క్వెరీలో సెలెక్ట్ స్టార్ (అన్ని కాలమ్‌లూ తెమ్మనడం) ఉంటే అదీ తీసెయ్ తమ్ముడూ.