నెలకో నవలా, నెలకో కథా? మన పుస్తక సమావేశం తేల్చుకోవలసిన విషయం

నిర్వాహకురాలు, సీతమ్మధార

సూటిగా విషయానికి వస్తాను. ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం విశాఖ ద్వారకానగర్‌లో కలుస్తున్నాం. పుస్తకాన్ని ఓటు వేసి ఎంచుకుంటున్నాం. ఓటు వేసేటప్పుడు అందరికీ ఉత్సాహమే, ఎంత లావు నవలైతే అన్ని ఎక్కువ ఓట్లు. తీరా సమావేశం నాటికి పుస్తకం పూర్తి చేసినవారు సగం మంది కూడా ఉండటం లేదు. మిగిలినవారు మొహమాటంతో వెనక వరుసలో కూర్చుంటున్నారు, లేదా రావడమే మానేస్తున్నారు. పోయిన నెల చివరి అధ్యాయం గురించి మాట్లాడవద్దని కొందరు, అది లేకుండా మాట్లాడేదేముందని కొందరు పట్టుపట్టారు. గంటసేపు ఆ వాదనే సాగింది. నవల సంగతి ఎవరూ ఎత్తలేదు.

అందుకని ఒక ప్రతిపాదన వచ్చింది. నవలలు మానేసి నెలకు ఒక్క కథ పెట్టుకుందామని. ఒప్పుకునేవారు, ఒప్పుకోనివారు కారణాలతో సహా ఇక్కడ రాయండి. వచ్చే నెల పుస్తకం ప్రకటించేలోగా ఇది తేలాలి.

మర్రిపాలెం మాస్టారు

ప్రతిపాదన నాదే కనుక ముందుగా నేనే రాస్తున్నాను. ఉత్తరాంధ్రలో కూర్చుని కథను చిన్నచూపు చూడటం ఏమిటో నాకు బోధపడదు. గురజాడ కథ 'దిద్దుబాటు' 1910లో 'ఆంధ్రభారతి' పత్రికలో వచ్చింది. విజయనగరంలో కథకుడు చాసో ఉండేవారు. రావిశాస్త్రి ఈ ఊళ్లోనే వకీలుగా పనిచేశారు. కాళీపట్నం రామారావు గారు ఇక్కడి బడిలోనే పాఠాలు చెప్పారు. ఆయన 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టారు గాని నవలానిలయం పెట్టలేదు.

ఇక కథ చాలదు అనేవారికి ఒక్క ఉదాహరణ. రామారావు గారి 'యజ్ఞం' కథ 1964లో 'యువ' పత్రికలో అచ్చయింది. చదవడానికి ఒక సాయంత్రం చాలు. సుందరపాలెం పంచాయతీలో అప్పల్రాముడి అప్పు సంగతి తేల్చడానికి ఊరంతా కూర్చుంటుంది. బాకీ ఉన్నమాట నిజం, తీర్పు చెప్పేవారు పెద్దమనుషులు, పత్రాలన్నీ సక్రమం. మరి అన్యాయం ఎక్కడుంది? ఆ ముగింపు అవసరమా కాదా? అరవై ఏళ్లుగా జనం వాదించుకుంటూనే ఉన్నారు. మన రెండు గంటలకు అది సరిపోదంటారా?

ఉక్కునగరం పాఠకుడు

మాస్టారూ, నమస్కారం. నేను నవల పక్షం.

షిఫ్టుల్లో పనిచేసేవారికి తీరిక ఉండదు, వారికి కథలే నయం అని పోయిన సమావేశంలో ఎవరో మా తరఫున కూడా మాట్లాడేశారు. మమ్మల్ని అడగలేదు. నాకు తీరిక లేనిది ఒకేసారి మూడు గంటలు కూర్చోవడానికి. నెల మొత్తం మీద చూసుకుంటే బోలెడంత ఉంది. రాత్రి షిఫ్టు దిగి వచ్చాక నిద్రపట్టే లోపు పది పేజీలు, గాజువాక నుంచి ఊళ్లోకి వచ్చే బస్సులో మరో పది. నవలను చదవవలసిన పద్ధతే అది. వారపత్రికల్లో సీరియళ్లు వచ్చే రోజుల్లో మన ఇళ్లలో చదివిందీ అలాగే. వారానికి నాలుగైదు పేజీల చొప్పున నెలల తరబడి ఒకే నవల. అప్పుడెవరూ తీరిక లేదని పత్రిక మానేయలేదు.

కథ అయితే ఏమవుతుందో చెప్పనా? ఆదివారం భోజనం చేసి, చదివేసి, సాయంత్రానికి వచ్చేస్తారు. నెలలో మిగిలిన రోజులన్నీ పుస్తకం ఊసే ఉండదు. నాకు సమావేశం కన్నా ఆ నెల రోజులే ముఖ్యం. క్యాంటీన్‌లో పక్కన కూర్చున్నవాడు "ఎక్కడిదాకా వచ్చావు?" అని అడుగుతాడు చూడండి, అది కథకు రాదు.

రావిశాస్త్రి పేరు మీరే తెచ్చారు. 'అల్పజీవి' నవల కదా. సుబ్బయ్య భయాన్ని నాలుగు పేజీల్లో చెప్పేయవచ్చు, కాని అది మనకు అంటుకోదు. అంటుకోవాలంటే అతనితోపాటు ఆఫీసుకు వెళ్లాలి, అప్పు చేయాలి, గవరయ్యను చూసి గుటకలు మింగాలి. పైగా అదేమీ లావు పుస్తకం కాదు. నవల అనగానే ఆరువందల పేజీలే ఎందుకు గుర్తుకొస్తాయో నాకు తెలియదు.

ఎంవీపీ కాలనీ అమ్మమ్మ

బాబూ, ఉక్కునగరం అబ్బాయీ, ఆ వారపత్రికలు చదివినవాళ్లలో నేనూ ఉన్నాను. అప్పట్లో మాకు తీరిక ఉండేదని మాత్రం అనుకోకు. వంటిల్లు సర్దుకుని, అందరూ పడుకున్నాక చదివేవాళ్లం. పత్రిక ముందు ఎవరి చేతికి వస్తుందా అని తోడికోడళ్ల మధ్య మాటలు లేని రోజులు కూడా ఉన్నాయి.

కథయినా నవలయినా నాకు ఒకటే. అక్షరాలు పెద్దవిగా ఉన్న ప్రతి చూసి పెట్టండి. ఇప్పుడు వేసే పుస్తకాల్లో కాగితం తెల్లగా మెరుస్తుంది, అక్షరం మాత్రం ఆవగింజంత.

మధురవాడ నుంచి

నేను కథ పక్షమే. మాస్టారు చెప్పిన కారణానికి మాత్రం కాదు.

నేను ఇంగ్లిషు మీడియంలో చదివాను. తెలుగు చదువుతాను గాని నెమ్మదిగా చదువుతాను. రావిశాస్త్రి సంభాషణలు కాగితం మీద చూస్తే ప్రతి రెండో మాట దగ్గరా ఆగిపోతాను. అదే సంభాషణను ఎవరైనా పైకి చదివితే ఒక్క మాట కూడా తప్పిపోదు, ఎందుకంటే ఆ మాట మా ఇంట్లో మా నాయనమ్మ మాట్లాడేదే. కంటికి రాని భాష చెవికి వస్తోంది. మా వయసువారిలో చాలామంది పరిస్థితి ఇదేనని నా అనుమానం. పుస్తకం పూర్తి చేయలేకపోయినవారందరినీ బద్ధకస్తుల లెక్కలో వేయకండి.

కాబట్టి కథను సమావేశంలోనే పైకి చదువుదాం. మద్యనిషేధం రోజుల కోర్టుల గురించి రావిశాస్త్రి రాసిన 'ఆరు సారా కథలు'లో ఒకటి తీసుకుని, బాగా చదవగలిగినవారు చదివితే మిగిలినవారు వింటారు. మిగతా సమయమంతా చర్చ. అప్పుడు చదివినవారు, చదవనివారు అనే తేడాయే ఉండదు. నవలతో ఈ పని కాదు.

ఉక్కునగరం పాఠకుడు

మీరు చెప్పినదాంట్లో సగానికి నా దగ్గర జవాబు లేదు. మిగతా సగానికి ఉంది. అందరూ అక్కడికి వచ్చి వినడమే అయితే ఇంట్లో చదివే అలవాటు ఎప్పటికి వస్తుంది? నెమ్మదిగా చదివేవారికి కావలసింది ఎక్కువ రోజుల గడువు. తక్కువ పేజీలు ఇస్తే ఆ నెమ్మది అలాగే ఉండిపోతుంది.

లాసన్స్‌బే

గడువు, పేజీలు సరే. అసలు పుస్తకాలు దొరకవద్దా? మనం ఓటు వేసిన నవలల్లో సగం అచ్చులో ఉండవు. ఉన్నా ఊళ్లో ఒకటో రెండో ప్రతులు. నా దగ్గర పాత నవలల స్కాన్లు చాలా ఉన్నాయి. వాట్సాప్ గ్రూపులో పెడతాను, అందరూ దించుకోండి. గొడవే ఉండదు.

వకీలు, డాబాగార్డెన్స్

దయచేసి పెట్టకండి. మన చట్టం ప్రకారం రచయిత మరణించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు హక్కులు వారసులవి. రావిశాస్త్రి 1993లో పోయారు, అంటే 2053 దాకా. గురజాడ 1915లోనే పోయారు కనుక ఆయనవి ఎన్ని ప్రతులైనా తీసుకోవచ్చు. దొరకని పుస్తకం కావాలంటే పౌర గ్రంథాలయంలో వెతుకుదాం, ఒక ప్రతిని వంతులవారీగా చదువుదాం. అచ్చులో ఉన్నదైతే కొందాం. స్కాన్లు పంచుకుంటూ తెలుగు పుస్తకాలు అమ్ముడు కావడం లేదని బాధపడటం బాగుండదు.

కంచరపాలెం రంగస్థలం

గురజాడ పేరు వచ్చింది కనుక అడుగుతున్నాను. నాటకం ఎవరికీ గుర్తు రాలేదా?

'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి విజయనగరంలో ఆడారు. 1897లో అచ్చయింది. తరువాత గురజాడ దాన్ని బాగా పెంచి, మార్చి రాసి 1909లో మళ్లీ వేశారు. మనం ఇప్పుడు చదివేది అదే. ఏడంకాలు. పూర్తిగా ఆడటం కష్టం కనుక స్టేజీ మీద ఎప్పుడూ కుదించినదే చూస్తాం. పుస్తకం మొత్తం చదివినవారు తక్కువ, గిరీశం మాటలు వల్లించేవారు ఎక్కువ.

నెలకో అంకం పెట్టుకుందాం. ఇంట్లో చదువుకుని రావాలి, అక్కడ పాత్రలు పంచుకుని పైకి చదవాలి. మధురవాడ వారికి చెవికి వినిపిస్తుంది, ఉక్కునగరం వారికి ఏడు నెలలు ఒకే పుస్తకంతో కాపురం. వకీలు గారికి హక్కుల బెంగ లేదు.

మర్రిపాలెం మాస్టారు

నాయనా, నాటకం పేరుతో నవలను దొంగదారిన తెస్తున్నావు. ఏడు నెలలు ఒకే పుస్తకం అంటే మూడో నెలకు కొత్తగా వచ్చినవారి గతి ఏమిటి? కథకున్న బలం అక్కడే ఉంది. ఏ నెల వచ్చినా అది మొదటి నెలే.

నెలంతా పుస్తకం ఊసు ఉండదన్న ఉక్కునగరం వారికి కూడా ఒక మాట. రెండు కథలు పక్కపక్కన పెట్టి చూడండి. తొలి తెలుగు కథ 'దిద్దుబాటు' అని బడిలో చెప్పుకున్నాం. భండారు అచ్చమాంబ 'ధనత్రయోదశి' 1902లోనే వచ్చింది. రెంటిలోనూ భార్యే భర్తను దారిలో పెడుతుంది. ఒకటి ఆడమనిషి రాసింది, ఒకటి మగవాడు రాసింది. ఆ తేడా ఎక్కడ కనిపిస్తుందో వెతకమంటే నెల చాలదు. కథానిలయం వెబ్‌సైటులో పాత పత్రికల కథలు చదువుకోవడానికి ఉన్నాయి కూడా.

ఎంవీపీ కాలనీ అమ్మమ్మ

నాటకం పెడితే మధురవాణి నేను చదువుతాను. ఇప్పుడే చెబుతున్నాను, తరువాత ఎవరూ పోటీకి రావద్దు.

నిర్వాహకురాలు, సీతమ్మధార

అందరివీ చదివాను. ఓటు ఎలాగూ ఉంటుంది గాని, ఓటు పద్ధతి మాత్రం మారుస్తున్నాను. ఇక మీదట ఏ పుస్తకాన్ని ప్రతిపాదించినా దాని మొదటి పది పేజీలు తెచ్చి పైకి చదివి వినిపించాలి. విన్నాకే ఓటు. అలమరలో పెట్టుకోవడానికి ఓటు వేయడం కాస్తయినా తగ్గుతుందని ఆశ.

వచ్చే నెలకు 'యజ్ఞం'. ఆ తరువాత 'అల్పజీవి', రెండు సమావేశాలకు పంచి. 'కన్యాశుల్కం' మాట ఆ తరువాత చూద్దాం. అమ్మమ్మ గారూ, మీ పాత్ర మీదే. పెద్ద అక్షరాల ప్రతి కోసం అడుగుతున్నాను.

ఉక్కునగరం పాఠకుడు

'యజ్ఞం'కు వస్తాను, ఆ ఆదివారం నాకు పగటి షిఫ్టు. కాని మాస్టారు ముగింపు అవసరమా కాదా అని రెండు ముక్కల్లో అడిగేశారు. సీతారాముడు అలా చేయడానికి పంచాయతీ తీర్పు ఒక్కటే కారణమని నేను అనుకోను. తండ్రి ఒప్పుకున్న తీరు కూడా కారణమే.

మర్రిపాలెం మాస్టారు

తండ్రి ఒప్పుకున్నాడా, ఒప్పించారా? అప్పల్రాముడు ఆ సభలో చివర మాట్లాడినది మళ్లీ చదవండి. కొడుకు అప్పుడే లేచి

నిర్వాహకురాలు, సీతమ్మధార

మాస్టారూ, మిగతా వాక్యం నేనే తీసేశాను, కోపగించుకోకండి. మధురవాడ అమ్మాయి ఇంకా చదవలేదు. ముగింపు గురించి ఆదివారం దాకా ఇక్కడ ఎవరూ రాయవద్దు.