తమ్ముడు చదువు మానేసి ఏడాది దాటింది. మళ్లీ కోర్సులో ఎలా చేర్పించాలి?

తమ్ముడి కోసం (ప్రశ్న)

మా తమ్ముడికి 19 ఏళ్లు. చదువు మధ్యలో ఆపేసి ఏడాది దాటింది. రాత్రంతా ఫోన్‌తో మేలుకుంటాడు, లేచేసరికి మధ్యాహ్నం అవుతుంది. ఆమధ్య ఏసీ రిపేర్ కోర్సులో చేర్పించాం. వారం వెళ్లాడు, తర్వాత కడుపునొప్పి అన్నాడు, ఇక వెళ్లలేదు. నాన్న తిట్టని రోజు లేదు. "ఏం చేద్దామనుకుంటున్నావురా?" అని నేను మెల్లగా అడిగినా లోపలికెళ్లి తలుపేసుకుంటాడు. చెడ్డవాడు కాదు. ఇంట్లో ఏ వస్తువు పాడైనా విప్పి చూసేది వాడే. ఇప్పుడు అదే సంస్థలో కొత్త బ్యాచ్ మొదలవుతోంది. ఫీజు కట్టేస్తే మొహమాటానికైనా వెళ్తాడేమో అనిపిస్తోంది. ఇలాంటి పిల్లల్ని దగ్గరుండి చూసినవాళ్లు చెప్పండి, వాడితో ఏం మాట్లాడాలి?

వైరింగ్ మాస్టారు

అమ్మా, ఫీజు ఇప్పుడే కట్టకండి. నేను ఎలక్ట్రికల్ వైరింగ్ నేర్పుతాను. మా బ్యాచుల్లో ఎక్కువమంది చదువు మధ్యలో వదిలేసినవాళ్లే. ముందు ఒక్కటి కనుక్కోండి: వాడు ఆఖరిసారి వెళ్లిన రోజు క్లాసులో ఏం జరిగింది? "ఎందుకు మానేశావ్" అంటే పిల్లలకు జవాబు దొరకదు, కడుపునొప్పి అనేస్తారు. "ఆ రోజు ఏం చేయించారు, నీ పక్కన ఎవరు కూర్చున్నారు" అని అడిగితే నెమ్మదిగా బయటికొస్తుంది. నేను చూసినంతలో అది చెప్పుకోడానికి సిగ్గుపడే చిన్న సంగతే అయి ఉంటుంది. అందరి ముందు చదవమన్నారు. ఫారం నింపడం రాలేదు. తనకన్నా చిన్నవాళ్ల మధ్య కూర్చోవాల్సి వచ్చింది.

భవిష్యత్తు గురించి మాత్రం ఇప్పుడు అడగొద్దు. ఏడాదిగా ఇంట్లో ఉన్న కుర్రాడికి ఆ ప్రశ్న వింటేనే టెన్షన్. రేపు పదింటికి ఏం చేద్దామో మాట్లాడండి, చాలు.

మా దగ్గర ఎవరైనా రాకపోతే ఆ సాయంత్రమే మెసేజ్ పెడతాను. రెండు మూడు రోజులు ఊరుకుంటే మొహం చూపించలేక ఇక రారు. "ఎందుకు రాలేదు" అన్న మాట అందులో ఉండదు. "ఇవాళ మెట్ల లైటుకు టూ-వే స్విచ్ కలిపాం. నీ బోర్డు విప్పలేదు, అలాగే ఉంది. రేపు అక్కడి నుంచే మొదలుపెడదాం." అంతే. అమెరికాలో మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్లు 1990లో మొదలుపెట్టిన 'చెక్ అండ్ కనెక్ట్' పద్ధతికి ఇదే ఆయువుపట్టు. ఒక్కో విద్యార్థి బాధ్యత ఒకరికి అప్పగిస్తారు. హాజరు, మార్కులు, ప్రవర్తన ఆ మనిషి విడవకుండా చూస్తుంటారు, జారుతున్నట్టు కనపడగానే పలకరిస్తారు. కనీసం రెండేళ్లు అదే మనిషి ఉండాలి. పిల్లవాడు స్కూలు మారినా వెంట ఉంటారు.

లెక్కలంటే భయమున్నా దాటించవచ్చు. మా దగ్గర ఒక కుర్రాడు నోట్సు తెరవగానే తల దించుకునేవాడు. ఒకరోజు వెయ్యి వాట్ల హీటరు చూపించి, "సప్లై 230 వోల్టులు, దీనికి ఏ ఎంసీబీ వేస్తావు?" అన్నాను. ఎంసీబీ అంటే కరెంటు మోతాదు మించితే తనంతట తానే ఆపేసే స్విచ్. సుద్దముక్కతో నేల మీదే భాగించాడు. నాలుగు ఆంపియర్లు దాటుతోందని చెప్పి, డబ్బాలోంచి ఆరు ఆంపియర్లది ఏరి తెచ్చాడు. లెక్క చేశానన్న ఆలోచనే వాడికి రాలేదు. న్యూయార్క్‌లోని ఈస్ట్ హార్లెమ్‌లో 1978లో కుర్రాళ్లు పాడుబడ్డ భవనాన్ని బాగుచేయడంతో పుట్టిన యూత్‌బిల్డ్ అనే కార్యక్రమం నడిచే తీరూ ఇదే. కొంతకాలం కట్టడం పని, కొంతకాలం క్లాసు, రెండూ కలిపి.

ఇద్దరు పిల్లల తండ్రి

ఇంత బుజ్జగింపు అవసరమా అండీ? ఫోన్ తీసుకుని నెట్ ఆపేస్తే వారంలో దారికొస్తాడు. వాళ్ల నాన్నగారి బాధ నాకు అర్థమవుతుంది.

మళ్లీ చేరినవాణ్ని

అంకుల్, నా ఫోన్ కూడా తీసేశారు. ఉన్న ఇద్దరు ఫ్రెండ్స్‌తో మాటలు ఆగిపోయాయి, రోజంతా పడుకునే ఉన్నాను.

అక్కా, నన్ను కదిలించింది మా మామయ్య. ఆయన ప్లంబరు. ఏమీ అడక్కుండా, "సాయంత్రం నాలుగింటికి ఒక పనుంది, పైపు పట్టుకోడానికి మనిషి కావాలి" అనేవారు. నేను మూడింటికి లేచేవాణ్ని కాబట్టే నాలుగింటి పని. తర్వాత రెండింటి పని చెప్పారు, ఆ తర్వాత పదకొండింటిది. ఉదయం క్లాసుకు వెళ్లగలనని నాకు ధైర్యం వచ్చాకే కోర్సు మాట ఎత్తారు. మీ తమ్ముడికి పొద్దున్నే క్లాసయితే ముందు ఈ నిద్ర సంగతి చూడండి.

పెద్దక్క

విషయం కాస్త పక్కకు పోతుంది, అయినా చెప్పాలి. అంతర్జాతీయ కార్మిక సంస్థ లెక్కల్లో 2023లో ప్రపంచవ్యాప్తంగా 15 నుంచి 24 ఏళ్లవాళ్లలో అయిదుగురికి ఒకరు అటు చదువులోనూ లేరు, ఇటు ఉద్యోగంలోనూ ట్రైనింగ్‌లోనూ లేరు. అలాంటివాళ్లలో ముగ్గురికి ఇద్దరు అమ్మాయిలు. అబ్బాయి గదిలో పడుకుంటే ఇల్లంతా కంగారుపడుతుంది. చదువు ఆగిన అమ్మాయి ఇంటిపని చేస్తూ తిరుగుతుంటే ఎవరికీ ఏమీ అనిపించదు. మా పిన్ని కూతురు కోర్సుకు వెళ్తానని ఎప్పటినుంచో అంటోంది. ఆ మూడు గంటలు చంటిబిడ్డను ఎవరు చూస్తారో ఇంట్లోవాళ్లతో తేల్చడమే నా పనయింది.

తమ్ముడి కోసం

మాస్టారూ, నిన్న రాత్రి మీరన్నట్టే అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. గేజ్ (ఏసీలో గ్యాస్ ప్రెషర్ చూపించే మీటరు) రీడింగులు రాసి, ముందుకొచ్చి అందరికీ చదివి వినిపించమన్నారట. యూనిట్ల దగ్గర తడబడ్డాడు, వెనక నవ్వారు. పని మాత్రం నచ్చిందన్నాడు. రాగి పైపు నొక్కుకుపోకుండా ఎలా వంచాలో చేతులతో చూపించాడు. ఏడాదిలో వాడు అంతసేపు మాట్లాడటం ఇదే. మళ్లీ అక్కడికే పంపనా?

వైరింగ్ మాస్టారు

చాలా సంతోషం అమ్మా. అంత చెప్పాడంటే మీ మీద నమ్మకం ఉంది.

సంస్థకు మీరే ఫోన్ చేయండి, వాడు వినేచోట వద్దు. ఫీజు కట్టకముందు రెండు మూడు రోజులు వచ్చి కూర్చోనిస్తారేమో, రీడింగులు విడిగా నేర్పుతారేమో అడగండి. రాని రోజు ఫోన్ చేసేదెవరో కూడా అడగండి. దీనికి ఒక మనిషి పేరు చెప్పాలి. "ఆఫీసువాళ్లు చూసుకుంటారు" అంటే వేరే చోటు వెతకండి. వాడు క్లాసు నుంచి వచ్చాక "ఇవాళైనా వెళ్లావా" అనొద్దని నాన్నగారికి చెప్పండి. మొదటి నెలకు అది చాలు. ఒకవేళ తిండి, స్నానం మానేసినా, బతకాలని లేదని అన్నా కోర్సు సంగతి పక్కనపెట్టి వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.

ఆ గేజ్ మీద ఎక్కువగా కనపడే ప్రెషర్ యూనిట్లు పీఎస్ఐ, బార్. ఒక బార్ అంటే సుమారు 14.5 పీఎస్ఐ. వాడి దగ్గర ఆ షీట్ ఉంటే ఫొటో తీసి ఇక్కడ పెట్టండి, ఏ అంకె ఏ యూనిట్‌దో తెలుగులో రాసి ఇస్తాను.